ఐర్లండు పొదుగు మేజాలు: మహాగని చెక్కలో ఒక దేశ చరిత్ర

ఒక దేశ చరిత్రను తెలిసికొనుటకు శిలాశాసనములు, తామ్రపత్రములు, కావ్యములు మాత్రమే ఆధారములు కావు. ఆ దేశ ప్రజలు కూర్చున్న పీట, భుజించిన బల్ల, ఉత్తరములు వ్రాసికొన్న మేజా, నగలు దాచుకొన్న పెట్టె కూడ చరిత్రను చెప్పును. శాసనము దానిని వేయించిన రాజు చెప్పదలచిన మాటనే చెప్పును. వడ్రంగి చేసిన బల్ల అట్లు కాదు. ఆ చెక్క ఏ అడవిలోనిది, దానిని నరికిన దెవరు, కోసి చెక్కిన దెవరు, కొని అనుభవించిన దెవరు, తుదకది ఎవరి చేతికి చేరినది అని అడిగినచో ఆ బల్లయే ఒక దేశపు కథను కన్నులకు కట్టించును.

ఇట్టి కథలలో ఐర్లండు దేశపు మహాగని సామగ్రి కథ ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. ఐరోపాకు పడమటి కొసన అట్లాంటిక్ మహాసముద్రములో నున్న ఈ చిన్న ద్వీపము శతాబ్దముల తరబడి ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. 1922 లో ఆ ద్వీపమున అధిక భాగము స్వతంత్ర రాజ్యమయ్యెను. పదునెనిమిదవ శతాబ్దిలో డబ్లిన్ నగరమున తయారైన కుర్చీలు, బల్లలు, సొరుగుల పెట్టెలు నేడు ప్రపంచమునందలి మ్యూజియములలో గౌరవస్థానము నలంకరించుచున్నవి. కాని ఈ గౌరవము వానికి సులభముగా లభింపలేదు. చిరకాలము ప్రపంచము వానిని ఇంగ్లండు సామగ్రిగా నెంచెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కొంతకాలము ఐర్లండు ప్రజలలోనే పలువురు వానిని పరుల సొత్తుగా భావించిరి. పరుల కొరకు చేయబడిన వస్తువు స్వజాతి సంపద యెట్లగును? ఐర్లండు ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు చాల కాలము పట్టెను.

మహాగని రాక

పదునెనిమిదవ శతాబ్ది ఆరంభము వరకు ఐర్లండు సంపన్న గృహములలో ఓక్, అక్రోటు చెక్కలతో చేసిన సామగ్రియే యుండెడిది. మహాగని వృక్షము ఆ దేశమున పెరుగునది కాదు. దాని జన్మభూమి వెస్టిండీసు ద్వీపములు, మధ్య అమెరికా. 1721 లో బ్రిటిషు పార్లమెంటు అమెరికా వలసలనుండి వచ్చు కలపపై దిగుమతి సుంకమును తొలగించెను. అది మొదలు జమైకా ద్వీపపు మహాగని దుంగలు ఇంగ్లండు రేవులలో విరివిగా దిగసాగెను. 1730 ప్రాంతమునుండి డబ్లిన్ వడ్రంగుల చేతికిని ఆ చెక్క సమృద్ధిగా అందెను.

వడ్రంగులు ఈ చెక్కను చూచి మురిసిపోవుటకు తగిన కారణములు కలవు. మహాగని దుంగ మిక్కిలి పెద్దది. కావున ఒక్క పలకతోనే వెడల్పైన బల్ల పైభాగమును చేయవచ్చును. అది తొందరగా వంగదు, పగులదు, పురుగు తినదు. ఉలి ఎటు త్రిప్పిన అటు లొంగును. మెరుగు పెట్టినకొలది దాని యెఱుపు నిగ్గుదేరును. ఓక్ చెక్కలో చెక్కుటకు వీలుకాని సన్నని లతలు, పూవులు మహాగనిలో చక్కగా తీరును.

ఆ దుంగ వచ్చిన త్రోవ మాత్రము అందమైనది కాదు. జమైకా అడవులలో ఆ మహావృక్షములను నరికి, ఎడ్లచేత లాగించి, ఏటి యొడ్డునకు చేర్చినవారు ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన బానిసలు. శతాబ్ది ముగియులోపలనే జమైకాలోని మంచి చెట్లు తరిగిపోగా వర్తకులు క్యూబా, హొండురాస్ అడవులపై పడిరి. డబ్లిన్ ప్రభువు ఇంటిలో అద్దమువలె మెరసిన భోజనపు బల్లకు పునాది ఆ బానిసల శ్రమయే.

ఐర్లండు పనివారు తొలుత ఈ చెక్కను పొదుగుటకు గాక చెక్కుటకు వాడిరి. 1730 మొదలు 1770 వరకు తయారైన గోడబల్లలలో వారి ముద్ర స్పష్టముగా కనిపించును. బల్ల క్రింది అంచున వ్రేలాడు వెడల్పైన చెక్కడపు పట్టీ, దాని నడుమ నోరు తెరచిన సింహపు ముఖమో శంఖమో గవ్వయో, ఇరుప్రక్కల లతలు, రోమములతో కూడిన పంజాలవంటి కాళ్ళు, ముదురు వన్నె ఇవి వాని లక్షణములు. లండను పనిలో కానరాని ఒక మొరటు బలము, ఒక చిలిపితనము ఆ సింహముల ముఖములలో తాండవించును.

ధనికుల యిండ్లలో నిత్యోపయోగమునకు కూడ మహాగని వచ్చెను. ఆ దేశమున చలి కాచుకొనుటకు చిత్తడి నేలలనుండి త్రవ్వి యెండబెట్టిన పీట్ అను నల్లని మట్టిగడ్డలను కాల్చుట వాడుక. ఆ గడ్డలను పొయ్యిచెంత నుంచుటకు ఇత్తడి కట్లు వేసిన మహాగని తొట్లను చేసిరి. రెక్కలు దించి మడువగల పొడవైన కోలబల్లను జనులు జాగరణపు బల్ల యని వ్యవహరించిరి. ఇంట ఎవరైన గతించినప్పుడు శవపేటికను దానిపై నుంచి, బంధుమిత్రులు చుట్టును కూర్చుండి రాత్రియంతయు జాగరము చేయుదురని ఆ పేరు.

రాజధాని వైభవము, పనివాని స్థితి

ఈ సామగ్రికి గిరాకి కలిగించినది డబ్లిన్ నగర వైభవము. 1729 లో అచట పార్లమెంటు భవన నిర్మాణము ప్రారంభమయ్యెను. 1745 లో కిల్డేర్ ప్రభువు లీన్‌స్టర్ గృహ నిర్మాణమునకు పూనుకొనెను. 1757 లో విశాల వీథుల సంఘ మేర్పడి ఇరుకు సందులను కొట్టి రాజమార్గములు వేయించెను. పార్లమెంటు సమావేశములకు ప్రభువులు కుటుంబములతో వచ్చి నగరమున నివసించుటచే ప్రతి వీథిలోను క్రొత్త సౌధములు లేచెను. ప్రతి సౌధమునకును బల్లలు, కుర్చీలు, అద్దముల చట్రములు కావలసివచ్చెను.

కాని ఆ పార్లమెంటు దేశ ప్రజలందరిది కాదు. జనాభాలో అత్యధికులైన కాథలిక్కులకు అందు ప్రవేశము లేదు. 1728 మొదలు 1793 వరకు వారికి ఓటు హక్కు కూడ లేదు. నగరమునందలి వృత్తి సంఘములలో పూర్తి సభ్యత్వము ప్రొటెస్టెంటులకే పరిమితము. కాథలిక్కు పనివాడు మూడు మాసముల కొకసారి రుసుము చెల్లించి సగము హక్కులతో తన పని చేసికొనవలసినదే. చేతిలో ఎంత నేర్పున్నను సంఘమున పెద్ద కాజాలడు.

ఈ చీకటిలో ఒక దీపము లేకపోలేదు. 1731 లో స్థాపితమైన డబ్లిన్ సొసైటీ శతాబ్ది మధ్యమునాటికి చిత్రలేఖన పాఠశాలలను నడిపించెను. రుసుము లేకయే బాలురకు బొమ్మలు గీయుట, అలంకార రచన, భవనముల నమూనాలు గీయుట నేర్పెడివారు. చిత్రకారులు, శిల్పులే గాక వడ్రంగులు, గచ్చుపనివారు, వెండిపనివారు ఈ బడులలో తయారైరి. లత యెట్లు సాగవలెనో, ఆకు ఎచ్చట మడువవలెనో కాగితముపై సాధించిన చేయి చెక్కపై తడబడదు. తరువాతి తరమున పొదుగు పని డబ్లిన్‌లో వేగముగా వేరూనుటకు ఈ శిక్షణ తోడ్పడెను.

పొదుగు పని వికాసము

1770 తరువాత ఐరోపాలో అభిరుచి మారెను. బరువైన సింహముఖముల స్థానమున ప్రాచీన గ్రీకు, రోము అలంకారములపై మోజు హెచ్చెను. పూదండలు, పూర్ణకుంభములవంటి పాత్రలు, విసనకఱ్ఱవలె విచ్చుకొన్న అర్ధచంద్రములు వాడుకకు వచ్చెను. ఎత్తుగా చెక్కిన బొమ్మ పోయి, చదునుగా పొదిగిన బొమ్మ వచ్చెను. ఐర్లండునకు 1780 లో వలసలతో సూటిగా వర్తకము చేయు హక్కు లభించెను. 1782 లో డబ్లిన్ పార్లమెంటునకు శాసన స్వాతంత్ర్యము వచ్చెను. దేశమున ఉత్సాహము, చేతిలో ధనము, స్వదేశ వస్తువులపై అభిమానము ఒక్కసారి పొంగెను.

ఆ 1782 లోనే విలియం మూర్ అను పనివాడు డబ్లిన్ పత్రికలో ఒక ప్రకటన వేయించెను. అతడు లండనులోని మేహ్యూ, ఇన్స్ అను ప్రసిద్ధ సంస్థలో చిరకాలము పనిచేసి వచ్చినవాడు. తన మనుష్యులకు శిక్షణ నిచ్చి పొదుగు పనిని పరిపూర్ణత నొందించితిననియు, అందువలన వెల చాల తగ్గించి అమ్మగలుగుచున్నాననియు అందు తెలియజేసెను. తొలుత అబ్బీ వీథిలోను, పిమ్మట కేపెల్ వీథిలోను అతని అంగడి నడచెను. గోడకానించి నిలుపు అర్ధచంద్రాకారపు సొరుగుల పెట్టెలకు అతడు పేరెన్నిక గన్నవాడు. పలుచని బంగారు వన్నె చెక్కపై పూదండలు, రంగురంగుల ఱేకులతో అర్ధచక్రములు పొదిగిన ఆ పెట్టెలు నేడు అమూల్యములు.

ఈ పనియందలి నేర్పును కొంత వివరింపవలెను. మొదట గట్టి చెక్కతో బల్ల ఒడలిని తయారుచేయుదురు. వేఱొక మేలి చెక్కను రంపముతో మిక్కిలి పలుచని రేకులుగా కోయుదురు. కాగితముపై గీసిన బొమ్మననుసరించి ఆ రేకులను సన్నని రంపముతో ముక్కలుగా కత్తిరింతురు. పశుచర్మము నుడికించి తీసిన జిగురుతో ఆ ముక్కలను ఒడలిపై అతుకుదురు. వెండ్రుక వాసి సందు కూడ ఉండరాదు. ఆకునకు నీడ చూపవలెనన్న రంగు పూయరు. కాగిన యిసుకలో ముక్క అంచును ముంచి కమురునట్లు చేయుదురు. ఒక క్షణము హెచ్చినచో చెక్క మాడును, తగ్గినచో నీడ తేలదు. తెల్లని సికమూర్ చెక్కను అన్నభేది కలిపిన నీటిలో నానవేసి బూడిద వన్నెకు తెత్తురు. తెలుపునకు హాలీ, పసుపునకు సాటిన్‌వుడ్, నలుపునకు ఎబొనీ. అంచులవెంట దారమువంటి గీతలు, వానిని చుట్టి అడ్డుపోగుల పట్టీలు. ఎఱ్ఱని మహాగని ఈ వన్నెలన్నిటికి పట్టువస్త్రమువంటి నేపథ్యము.

ఈ చెక్కల జాబితాలో తెలుగువారికి పరిచయమైన చెట్టొకటి కలదు. తొలుత వెస్టిండీసునుండి తెచ్చుకొన్న సాటిన్‌వుడ్‌కు తోడుగా ఆ శతాబ్ది చివర భారత, సింహళ దేశముల సాటిన్‌వుడ్ కూడ ఐరోపాకు పోయెను. తూర్పు కనుమలలో పెరుగు బిల్లుడు చెట్టే అది. సామర్లకోటలో చాలకాలము పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు వృక్షములను వర్ణించిన తన గ్రంథమున బిల్లుడును, సోమి చెట్టును మహాగని జాతిలోనే చేర్చెను. తరువాతి శాస్త్రజ్ఞులు వానిని వేఱు జాతులుగా విడదీసిరి. సోమికి శాస్త్రజ్ఞులు పెట్టిన సోయ్‌మిడా అను నామము తెలుగు మాటనుండి పుట్టినదే. 1795 లో మహాగని మొక్కలు కలకత్తా వృక్షోద్యానమునకు చేరెను. ఇట్లు మహాగని తూర్పునకు వచ్చుచుండగా, బిల్లుడు పడమటికి పోయెను.

సంయోగము, క్షీణత

1798 లో ఐర్లండులో చెలరేగిన తిరుగుబాటు అణచివేయబడెను. 1800 లో ఆమోదింపబడి 1801 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన సంయోగ శాసనముచే డబ్లిన్ పార్లమెంటు రద్దయ్యెను. ప్రతినిధులు లండను పోవలసివచ్చెను. వారివెంట ప్రభు కుటుంబములు కదలెను. పార్లమెంటు భవనము బ్యాంకు పాలయ్యెను. 1815 లో లీన్‌స్టర్ గృహము డబ్లిన్ సొసైటీకి విక్రయింపబడెను. ఒకప్పుడు దీపాల వెలుగులో విందులు సాగిన అనేక సౌధములు కాలక్రమమున గదికొక కుటుంబము కాపురముండు పేదల బసలుగా మారెను.

పని పూర్తిగా ఆగిపోలేదు. మాక్, విలియమ్స్, గిబ్టన్ అను సంస్థ డబ్లిన్ కోటకును, ప్రభుత్వ కచేరీలకును చక్కని మహాగని సామగ్రి చేసెను. తమ వస్తువులపై పేరును, సంఖ్యను ముద్రించుట వారి అలవాటు. పాత ఐర్లండు సామగ్రిలో ఇట్లు చేసినవాని పేరు తెలియుట అరుదు. అధిక భాగమునకు పేరు లేదు, గుర్తు లేదు. పేరులేని వస్తువునకు అంగడివాడు పెట్టినదే పేరు. అందుచేత చెక్కడపు మహాగని సామగ్రికి పిమ్మటి కాలపు వర్తకులు ఐర్లండు చిప్పెండేల్ అను నామమును తగిలించిరి. థామస్ చిప్పెండేల్ లండనులో అంగడి నడపిన ఆంగ్లేయుడు. ఆయన నమూనాల గ్రంథము 1754 లో వెలువడెను. ఐర్లండు సింహములు అంతకు చాల ముందే పుట్టినవి. అయినను ఊరెఱుగని పనివాని సొత్తు పేరుగలవాని ఖాతాలో జమపడెను.

కిల్లార్నీ సరస్సుల చెంత

1845 మొదలు కొన్ని సంవత్సరములపాటు బంగాళాదుంప పంటకు సోకిన తెగులుచే ఐర్లండు ఘోర క్షామమునకు గురియయ్యెను. పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువకానివారు ఓడలెక్కి పరదేశములకు పోయిరి. ఆ విషాదపు నీడలోనే దేశమునకు నైరుతి మూలనున్న కిల్లార్నీ అను ఊరిలో పొదుగు పని క్రొత్త రూపము దాల్చెను.

కిల్లార్నీ మూడు సరస్సుల నడుమ, కొండల యొడిలో నున్న రమ్యస్థలము. మధ్యధరా తీరములలో పెరుగు అర్బ్యూటస్ వృక్షము అచటి అడవులలో కూడ సహజముగా పెరుగును. దాని పండు స్ట్రాబెరీని పోలియుండును. చెక్క గట్టిది, తేనె వన్నెది. 1853 లో రైలుమార్గము కిల్లార్నీకి చేరగా యాత్రికులు గుంపులుగా రాసాగిరి. యాత్రికుడు ఊరికి తిరిగిపోవునపుడు చేతిలో ఒక జ్ఞాపిక కోరును. ఓకొన్నర్, ఈగన్ మున్నగు పనివారు అర్బ్యూటస్ చెక్కతో పెట్టెలు, పుస్తకముల అట్టలు, చదరంగపు బల్లలు, వాలు మూత గల వ్రాత మేజాలు చేసి అమ్మిరి. హాలీ, యూ, సికమూర్, చిత్తడి నేలలో వేలయేండ్లు మునిగి నల్లబడిన ఓక్ చెక్కలతో వానిపై చిత్రములు పొదిగిరి.

ఆ చిత్రములు డబ్లిన్ పూదండలు కావు. 1448 లో ఫ్రాన్సిస్కన్ సన్న్యాసులు నెలకొల్పిన మక్రాస్ మఠపు శిథిలములు, రాస్ కోట, సరస్సు నడిమి లంకలు, దుప్పులు, డేగలు ముఖ్య చిత్రములు. అంచులవెంట ఫెర్న్ ఆకులు, మూడాకుల షామ్రాక్, నడుమ నొక వీణ. షామ్రాక్, వీణ ఐర్లండు జాతి చిహ్నములు. గ్రీకు పాత్రలను పొదిగిన తాతల చేయి, మనుమల కాలమున సొంత ఊరి శిథిలములను పొదిగెను. కొనినవారిలో అధికులు ఆంగ్ల యాత్రికులే. అంగడి మాట యట్లుండగా, తన దేశమునకొక రూపమున్నదనియు, దానిని చెక్కపై నిలుపవచ్చుననియు పనివాడు గ్రహించెను. 1861 లో విక్టోరియా రాణి కిల్లార్నీకి వచ్చి మక్రాస్ గృహమున బసచేసినపిదప ఈ వస్తువుల కీర్తి మఱింత హెచ్చెను.

ఇచటి పనిలో నొక విశేషము కలదు. పొదిగిన తెల్లని చెక్కపై సన్నని గీతలు చెక్కి, అందు నల్లని రంగు నింపి, రాళ్ళను, ఆకుల ఈనెలను తేల్చుదురు. విశాఖపట్టణపు దంతపు పనిని చూచినవారికి ఈ పద్ధతి చిరపరిచితముగా తోచును. పదునేడవ శతాబ్ది చివరినుండి విశాఖ కంసాలులు ఎబొనీ, ఇరుగుడు చెక్కలపై దంతమును పొదిగి, దంతముపై గీతలు చెక్కి, వానిలో నల్లని లక్క నింపెడివారు. ఈ రెండు పనులకు నడుమ రాకపోకలున్నవని చెప్పుటకు వీలులేదు. చదునైన తెల్లని ముక్కకు ప్రాణము పోయవలెనన్న ఆలోచన కలిగినప్పుడు, వేల మైళ్ళ దూరముననున్న రెండు చేతులు ఒకే ఉపాయమును కనుగొన్నవి.

నిప్పులో పడిన చరిత్ర

పందొమ్మిదవ శతాబ్ది చివర పాత డబ్లిన్ పద్ధతిపై మరల మోజు పుట్టెను. జేమ్స్ హిక్స్ అను పనివాడు డబ్లిన్‌లోని లోయర్ పెంబ్రోక్ వీథిలో అంగడి పెట్టి, మహాగనిపై సాటిన్‌వుడ్ పొదిగి, నూఱేండ్ల నాటి పనికి ఏమాత్రము తీసిపోని సామగ్రిని చేసెను. 1936 లో ఆయన మరణించునాటికి ఆయన చుట్టును ఉన్న లోకము తలక్రిందులయ్యెను.

1903 లో వచ్చిన భూశాసనముచే జమీందారుల భూములు కౌలుదార్ల పరమగుట వేగిరపడెను. రాబడి తగ్గిన ప్రభువులు ఇంటి సామగ్రిని లండను వేలములకు పంపసాగిరి. 1919 లో స్వాతంత్ర్య సమరము, 1922 లో అంతర్యుద్ధము వచ్చెను. 1920 మొదలు 1923 వరకు రెండువందలకు పైగా ప్రభువుల గృహములు దగ్ధమయ్యెను. ఆ గృహములు పరపాలనకు చిహ్నములు. వానిని కాల్చినవారి తాతలు ఆ గుమ్మములముందు కౌలు బాకీకై చేతులు కట్టుకొని నిలిచినవారు. వారి కోపమును అర్థము చేసికొనవచ్చును. కాని ఆ మంటలలో జమీందారుని గర్వముతోపాటు పేరులేని వడ్రంగి జీవితకాలపు శ్రమ కూడ బూడిదయ్యెను.

1922 జూన్ 30 న డబ్లిన్ న్యాయస్థాన భవనములనుండి పోరు సాగుచుండగా, ఆ ఆవరణలోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారము పేలి దగ్ధమయ్యెను. శతాబ్దముల వీలునామాలు, జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్లు గాలికి లేచిపోయెను. 2022 లో, నూఱేండ్ల పిదప, ఇతర దేశములలోని ప్రతులను ఆధారముగా గొని ఆ భాండాగారమును కంప్యూటరుపై కొంతవఱకు పునర్నిర్మించిరి. అయినను సామాన్య పనివాని పుట్టుక, పెండ్లి, ఆస్తి తెలుపు కాగితములలో పోయినవే హెచ్చు. అందుచేత మిగిలిన బల్లయే అతనికి మిగిలిన దస్తావేజు.

స్వతంత్ర ఐర్లండు ముందు తినుటకు తిండి, చేయుటకు పని చూచుకొనవలసియుండెను. జార్జి నామధేయులైన ఇంగ్లండు రాజుల నాటి సౌధములు, వానిలోని సామగ్రి విదేశీయుల అవశేషములని పలువు రనిరి. 1957 లో డబ్లిన్‌లోని కిల్డేర్ ప్లేసులో రెండు చక్కని పాత గృహములను పడగొట్టిరి. ఈ విధ్వంసము కొందరి మనస్సులను కలచెను. 1958 లో డెస్మండ్ గిన్నిస్, ఆయన భార్య మరియాగా ఐర్లండు జార్జియన్ సొసైటీని స్థాపించిరి. 1722 లో ప్రారంభమైన కాజిల్‌టౌన్ మహాగృహము శిథిలమగుచుండగా 1967 లో గిన్నిస్ దానిని కొని కాపాడెను. అప్పటికే దాని సామగ్రిలో చాల భాగము వేలములో చెదరిపోయియుండెను. 1976 లో మాలహైడ్ కోట సామగ్రియు అట్లే వేలమునకు వచ్చెను. కోట ప్రజల పరమైనది గాని, ఎనిమిదివందల యేండ్లుగా ఒకే వంశమువా రుండిన ఆ గృహమునుండి ఎన్నో వస్తువులు దేశము దాటెను.

ప్రజాభిప్రాయము మెల్లగా మారెను. దానికి ముఖ్యకారణము పరిశోధన. గ్లిన్ ప్రభువు డెస్మండ్ ఫిట్జిరాల్డ్ దశాబ్దములపాటు పాత పత్రికల ప్రకటనలు, బిల్లులు, అంగడి చీట్లు వెదకి, వస్తువునకు వస్తువును పోల్చి, ఇది లండను పని కాదు, డబ్లిన్ పని యని నిరూపించుచు వచ్చెను. ఆయనయు, జేమ్స్ పీల్ అను పండితుడును కలిసి రచించిన ఐర్లండు సామగ్రి చరిత్ర 2007 లో వెలువడెను. పనివారి పేర్లు ఒక్కొక్కటిగా బయటపడినకొలది, ఇవి ప్రభువుల సొత్తన్న మాట బలహీనపడెను. కొన్నది ప్రభువే, చేసినది మాత్రము ఈ దేశపు చేయి యను సత్యము బలపడెను.

నేడు ఆ సామగ్రి యున్న చోటులే ఈ మార్పునకు సాక్ష్యము. మక్రాస్ గృహము 1932 లో జాతికి దానముగా ఈయబడెను. 1964 నుండి అది ప్రజలకు తెరువబడి, కిల్లార్నీ పొదుగు మేజాలను పుట్టినచోటనే చూపుచున్నది. డబ్లిన్‌లో ఒకప్పుడు బ్రిటిషు సైనికులుండిన పటాలపు బారకాసులు 1997 లో జాతీయ మ్యూజియముగా మారెను. కళాత్మక సామగ్రికి ఇపుడు స్థానమదియే. కిల్డేర్ ప్రభువు కట్టించిన లీన్‌స్టర్ గృహములో 1922 నుండి స్వతంత్ర ఐర్లండు పార్లమెంటు కూర్చుండుచున్నది. ఎవరిని బయట నుంచుటకు ఆ ద్వారములు కట్టబడెనో, వారి సంతతివారే నేడు వానిగుండ లోనికి పోవుచున్నారు.

ఈ కథ ఐర్లండుతో ముగియునది కాదు. చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ సామగ్రి 1781 లో అమ్ముడుకాగా, అందలి విశాఖ దంతపు ఆసనములను మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కొరకు కొనెను. అవి నేటికిని ఆంగ్ల రాజకుటుంబపు సొత్తులో నున్నవి. అమ్మిన గవర్నరు పేరు తెలియును, కొన్న రాజు పేరు తెలియును. చేసిన కంసాలి పేరు ఏ పుస్తకమునను లేదు. డబ్లిన్ వడ్రంగికి జరిగినదే విశాఖ కంసాలికిని జరిగినది.

ఐర్లండు అనుభవము చెప్పునది ఒక్కటే. పరపాలనలో పుట్టినదన్న కారణముచే ఒక వస్తువును త్రోసివేసినచో, పోవునది పాలకుని కీర్తి కాదు. అది అతని గ్రంథములలో భద్రముగనే యుండును. పోవునది స్వజనుల చేతిపని, ఆ పనికి మిగిలిన ఏకైక సాక్ష్యము. పాత యిండ్లలో మూలబడియున్న చెక్క సామాను వేలమునకు గాని, పొయ్యిలోనికి గాని పోకమునుపు, దానిని తిరుగవేసి అడుగున ఎవరి గుర్తైన నున్నదేమో చూచుట మంచిది. అడుగున ఏ గుర్తును లేకపోవచ్చును. అప్పుడు అతుకులోని పొందికయు, గీతలోని నిలుకడయు ఆ పనివాని చేవ్రాలని గ్రహింపవలెను.